పసిపిల్లల రక్తక్యాన్సర్‌కు తొలి మందు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన హాస్టళ్లలో, ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి ఒక నీలిరంగు మాత్ర ఇస్తారు. రక్తహీనత రాకుండా ఇచ్చే ఆ మాత్రలో రెండు పదార్థాలు ఉంటాయి. ఒకటి ఇనుము, రెండోది ఫోలిక్ ఆమ్లం. కడుపులో తిప్పుతుందనో, నోరు చప్పగా అవుతుందనో దాన్ని కిటికీలోంచి విసిరేసేవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినవాడు మన భీమవరంలో పుట్టిన తెలుగువాడని వాళ్లలో చాలామందికి తెలియదు. అదే ఆమ్లాన్ని కొద్దిగా మార్చి చేసిన మందు ప్రపంచంలో మొట్టమొదటిసారి పసిపిల్లల రక్తక్యాన్సర్‌ను వెనక్కి నెట్టిందని కూడా తెలియదు. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. వార్షికోత్సవ సంచిక చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పాత విద్యార్థులకు ఆయన జీవితాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లలున్న ఇల్లు. తండ్రి ఆరోగ్యం చెడి ఉద్యోగం మధ్యలోనే ఆగిపోవడంతో ఇంటి బరువంతా తల్లి మీద పడింది. పిల్లవాడికి మొదట్లో చదువు మీద ధ్యాస లేదు. ఒకసారి బంధువుల కుర్రాడితో కలిసి కాశీకి వెళ్లిపోయి, అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. పెద్దవాళ్లు దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి పట్టుదలతో రాజమండ్రిలో బడికి పంపింది.

మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి మూడోసారి పాసయ్యాడు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తిచేశాడు. అప్పటికి మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకుంటానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలన్న కోరిక వైద్యంతోనూ తీరుతుందన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. ఫీజులకు స్నేహితులు సాయం చేశారు. 1919లో అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి అమ్మాయి శేషగిరితో పెళ్లయింది. ఆపైన చదువు ఖర్చులో పెద్ద భాగం మామగారే భరించారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. సుబ్బారావుది పేద ఇల్లే, కానీ బ్రాహ్మణ ఇల్లు. చేతిలో కాసు లేకపోయినా ఆయనకు బడి గడప దాటే హక్కు ఉంది, పిల్లనిచ్చి చదివించే మామగారు దొరికారు, ఆదుకునే సత్రాలు, ధర్మనిధులు ఉన్నాయి. అదే కాలంలో మన తాతముత్తాతల పిల్లలకు చాలా ఊళ్లలో బడి అరుగు మీద కూర్చునే వీలు కూడా లేదు. కాబట్టి ఆయన కష్టం, మనవాళ్ల కష్టం ఒకటేనని చెప్పడం సరికాదు. ఆయనకు మామగారు, సత్రం చేసిన పనిని ఇవాళ మనకు హాస్టల్ చేస్తోంది. అంతటి ఆసరా దొరికినవాడు దానితో ఏం చేశాడన్నది మనం తెలుసుకోదగినది.

ఖద్దరు చొక్కా, తగ్గించిన పట్టా

అవి స్వాతంత్ర్యోద్యమం రోజులు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి ఖద్దరుతో కుట్టించిన దుస్తులు వేసుకుని వెళ్లాడు. శస్త్రచికిత్స చెప్పే దొర ప్రొఫెసరుకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ సర్టిఫికెట్‌తో ప్రభుత్వ వైద్యశాఖలో చేరాలని ప్రయత్నించినా ఫలించలేదు. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే అధ్యాపకుడిగా చేరాడు.

ఆ సంవత్సరాల్లోనే ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు సోదరులు రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ వచ్చిన మనిషికి తిన్నది ఒంటపట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం తగ్గిపోయి మనిషి పుల్లలా ఎండిపోతాడు. ఆ రోజుల్లో దానికి సరైన మందు లేదు. కొంతకాలానికి సుబ్బారావునూ అదే జబ్బు పట్టుకుంది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. సోదరులను మింగిన జబ్బుకు మూలం ఏమిటన్న ప్రశ్న అప్పటినుంచి ఆయనను వదల్లేదు. జవాబు దొరకడానికి పాతికేళ్లు పట్టింది.

బోస్టన్‌లో రాత్రి కూలి

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం, మామగారు సర్దిన డబ్బు కలిపి సుబ్బారావు అమెరికా బయల్దేరాడు. 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో ప్రవేశం దొరికింది కానీ స్కాలర్‌షిప్ దొరకలేదు. ఆయన పట్టాతో అక్కడ వైద్యం చేయడానికీ వీల్లేదు. కడుపు నింపుకోవడానికి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా కుదిరాడు. రోగుల బెడ్‌పాన్లు ఎత్తడం, కడగడం ఆయన పని. మన దేశంలో కులం పేరుతో కొందరి నెత్తినే రుద్దిన పని అది. దాన్ని ఆయన బోస్టన్‌లో రాత్రంతా చేసి, పగలు తరగతిలో కూర్చునేవాడు.

చదువు ముగించి తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు నెలల ప్రాయంలోనే ఎరిసిపెలాస్ అనే చర్మవ్యాధితో చనిపోయాడు. సూక్ష్మజీవులతో వచ్చే ఆ జబ్బుకూ అప్పట్లో మందు లేదు. శేషగిరమ్మ గారు జీవితమంతా ఆయన కోసం ఎదురుచూస్తూ ఇక్కడే ఉండిపోయారు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యాన్ని కూడా లెక్కలో వేయాలి.

కండరాలకు శక్తి ఎక్కడిది?

హార్వర్డ్ మెడికల్ స్కూల్లో జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్క్ దగ్గర సుబ్బారావు పరిశోధనకు చేరాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కచ్చితంగా కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని పిలిచే ఆ కొలత జీవరసాయన శాస్త్రం చదివేవాళ్లకు ఇప్పటికీ పాఠంలో వస్తుంది.

చేతిలో మంచి కొలత ఉంటే కొత్తవి కనిపిస్తాయి. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం విడిగా దాన్ని కనుగొన్నాడు. మనం పరుగెత్తినా, చదివినా, నిద్రపోయినా ఒంట్లోని ప్రతి కణం ఖర్చుపెట్టే శక్తి ఏటీపీ రూపంలోనే చెలామణి అవుతుంది. కండరాల శక్తి గురించి అప్పటిదాకా నమ్ముతున్న సిద్ధాంతానికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చి ఉంది. బెడ్‌పాన్లు కడిగిన మనిషి చేయి పడిన పరిశోధన ఆ సిద్ధాంతాన్ని సవరించేలా చేసింది. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు.

పాలకూర ఆకులో, కాలేయంలో దాగిన విటమిన్

1940లో సుబ్బారావు న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. తర్వాత అక్కడి పరిశోధనలకు డైరెక్టరు అయ్యాడు. ఆయన మనసులో స్ప్రూ జబ్బు మెదులుతూనే ఉంది.

1926లో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ఒక రకం రక్తహీనతకు కాలేయం తినిపిస్తే తగ్గుతుందని చూపించారు. 1931లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీల రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారం ఇస్తే అది తగ్గుతోందని రాసింది. పాలిష్ బియ్యం, రొట్టె తప్ప కూరానారా సరిగా దొరకని పేద స్త్రీలు వాళ్లు. కాలేయంలో, ఈస్ట్‌లో ఏదో ఉంది. ఆ ఏదో ఏమిటి? 1941లో పాలకూర నుంచి దాన్ని సేకరించిన శాస్త్రవేత్తలు, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చే మాట నుంచి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కానీ టన్నులకొద్దీ ఆకు నలిపితే వచ్చేది చిటికెడు. అంత కొద్దిదానితో రోగులకు వైద్యం చేయడం కుదరదు.

లెడర్లీలో సుబ్బారావు నడిపిన బృందం కాలేయం నుంచి దాన్ని శుద్ధి చేసి, దాని నిర్మాణం తేల్చి, 1945 నాటికి రసాయనాల నుంచి నేరుగా తయారుచేసింది. కొద్ది కాలంలోనే స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూస్తే వాళ్ల రక్తం పుంజుకుంది, ఆకలి పుట్టింది. సోదరుల ప్రాణం తీసిన జబ్బుకు ఆ విధంగా జవాబు దొరికింది. ఈనాడు గర్భిణీలకు, హాస్టల్ పిల్లలకు ఇచ్చే మాత్ర ఆ పని నుంచి వచ్చినదే.

మేలు చేసే మందే కీడు చేసింది

ఇక అసలు కథ. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన పాథాలజిస్టు. అంటే చనిపోయిన పిల్లల శరీరాలను పరీక్షించి జబ్బేమిటో తేల్చేవాడు. తీవ్రమైన లుకేమియా వచ్చిన పిల్లలు వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో చనిపోవడం ఆయన రోజూ చూస్తున్నాడు. లుకేమియాలో ఎముక మజ్జలో పక్వం కాని తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగిపోతాయి. మంచి రక్తకణాలకు చోటుండదు. పిల్లవాడు పాలిపోతాడు, ఒంటిమీద నల్లమచ్చలు తేలుతాయి, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, చిన్న జ్వరమే ప్రాణం మీదికి తెస్తుంది. రక్తం ఎక్కించి నాలుగు రోజులు పొడిగించడం తప్ప వైద్యులు చేయగలిగింది లేదు.

ఫోలిక్ ఆమ్లం రక్తహీనతకు పనిచేస్తోంది కదా, లుకేమియా రక్తాన్నీ బాగుచేస్తుందేమోనని ఫార్బర్ ఆశపడ్డాడు. లెడర్లీ నుంచి తెప్పించిన ఫోలిక్ ఆమ్లపు రూపాలను పిల్లలకు ఇచ్చాడు. ఫలితం తలకిందులైంది. క్యాన్సర్ కణాలు ఇంకా వేగంగా పెరిగినట్టు కనిపించింది. ఆ వైఫల్యంలోనే దారి దొరికింది. ఈ పోషకం ఇస్తే క్యాన్సర్ కణం పెరుగుతోందంటే, దాన్ని అందకుండా చేస్తే కణం ఎండిపోవాలి.

అందకుండా చేయడం ఎలా? సుబ్బారావు బృందంలోని రసాయన శాస్త్రవేత్తల పనితనం ఇక్కడ అక్కరకొచ్చింది. ఫోలిక్ ఆమ్లం తయారుచేసే దారిలో, దాన్ని పోలినవి, ఒకటి రెండు పరమాణువుల తేడా ఉన్నవి అనేకం వాళ్ల చేతికి వచ్చాయి. వాటిలో కొన్ని ఫోలిక్ ఆమ్లానికి విరోధులు. తాళంలో పట్టి తిరగని దొంగ తాళంచెవి లాంటివి. కణం కొత్త డీఎన్ఏ తయారుచేసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లాన్ని ఒక ఎంజైము సిద్ధం చేసి ఇవ్వాలి. నకిలీ అణువు ఆ ఎంజైములో గట్టిగా ఇరుక్కుంటుంది. అసలుదానికి చోటు దొరకదు. డీఎన్ఏ తయారీ ఆగుతుంది, కణం రెండుగా చీలలేదు. వేగంగా చీలే క్యాన్సర్ కణానికే ఆ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. ఆ నకిలీలలో బలమైనది అమినోప్టెరిన్. అసలు అణువులో ఒకచోట ఉన్న హైడ్రాక్సిల్ గుంపు స్థానంలో అమినో గుంపు పెట్టడమే దాని ప్రధానమైన తేడా.

1947 డిసెంబరు 28న ఫార్బర్ ఒక పసివాడికి అమినోప్టెరిన్ సూది వేయడం మొదలుపెట్టాడు. లక్షలకు ఎక్కుతున్న తెల్లకణాల లెక్క ఆగి, దిగడం ప్రారంభించింది. వాచిన ప్లీహం తగ్గింది. మంచం పట్టిన పిల్లవాడు లేచి ఆడుకున్నాడు. 1948 జూన్ 3న ఒక ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో ఫార్బర్ బృందం ఆ ఫలితాలను ప్రకటించింది. మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం తాత్కాలికమేనని కూడా వాళ్లు దాచకుండా రాశారు. నోట్లో పుండ్లు పడటం లాంటి విషప్రభావాలనూ రాశారు. ఆ పిల్లల్లో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అయినా మానవ చరిత్రలో మందుతో తీవ్రమైన లుకేమియా వెనక్కి తగ్గడం అప్పుడే మొదటిసారి చూశారు. చావు తప్పదనుకున్న చోట కొన్ని నెలలు దొరికాయి. ఆ నెలలను సంవత్సరాలుగా మార్చే పని తర్వాతివాళ్లది.

పేరు లేని మనిషి

ఆ వ్యాసం అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో చనిపోయాడు. వయసు 53 ఏళ్లు. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. 1946లో చట్టం మారి భారతీయులకు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు కలిగినా ఆయన తీసుకోలేదు.

చివరి రెండేళ్లలో ఆయన విభాగం నుంచి వచ్చిన మందుల జాబితా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1947లో బోదకాలుకు డీఈసీ మందు వచ్చింది. మన జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ, హాస్టళ్లకూ వచ్చి ఎదురుగా నిలబడి మింగించిన బోదకాలు మాత్ర అదే. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త కనుగొన్న ఈ మందు టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. డెబ్బై ఏళ్లు దాటిన డగ్గర్‌ను పిలిచి పనిలో పెట్టుకున్నది సుబ్బారావు నడిపిన సంస్థే. పసికందుగా ఉన్న కొడుకును తీసుకుపోయిన జబ్బులాంటివాటిని ఎదుర్కొనే మందుల కోవలోది ఇది.

ఇన్ని చేసినా ఆయన పేరు పెద్దగా వినబడలేదు. బృందం చేసిన పనిని పరిచయం చేసే సభల్లో తాను వెనక ఉండి సహచరులను ముందుకు నడిపేవాడు. నోబెల్ బహుమతి రాలేదు. చనిపోయాక 1953లో కొత్తగా కనుగొన్న ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా మన తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

పేరు నిలవకపోయినా మందు నిలిచింది. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టం, అదే లెడర్లీలో తయారైన మెథోట్రెక్సేట్, దానికంటే క్షేమమైనదిగా తేలి వాడుకలోకి వచ్చింది. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కొరియోకార్సినోమా అనే స్త్రీల క్యాన్సర్‌ను ఈ ఒక్క మందుతో పూర్తిగా నయం చేశారు. తర్వాతి దశాబ్దాల్లో ఇతర మందులతో కలిపి వాడటం, వెన్నులోకి సూది వేసి మెదడును కాపాడటం నేర్చుకున్నారు. ఈనాడు మంచి వైద్యం అందే దేశాల్లో లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన పిల్లల్లో 10 మందికి దాదాపు 9 మంది బతుకుతున్నారు. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. కీళ్లవాతానికి పెద్దవాళ్లు వారానికొకసారి వేసుకునేదీ అదే.

వెతుకులాట ఆగలేదు

లుకేమియాలో ఇంత గెలిచినా పిల్లల క్యాన్సర్లన్నీ లొంగలేదు. పిల్లల మెదడులో వచ్చే ప్రాణాంతక కణితుల్లో ఎక్కువగా కనిపించేది మెడుల్లోబ్లాస్టోమా. చిన్నమెదడులో పుడుతుంది. అందులో ఎంవైసీ అనే జన్యువు చెలరేగిన రకానికి ఇప్పటికీ సరైన మందు లేదు. దాని కోసం జరుగుతున్న పని చూస్తే సుబ్బారావు కాలం గుర్తొస్తుంది.

మన జన్యువుల్లో ప్రొటీన్లను తయారుచేసే సూచనలు ఉంటాయని తరగతిలో చదువుకుంటాం. అలాంటి జన్యువులు మనిషిలో సుమారు 20 వేలు. వాటిని లెక్కించేటప్పుడు శాస్త్రవేత్తలు ఒక హద్దు పెట్టుకున్నారు. 100 అమైనో ఆమ్లాల కంటే పొట్టిగా ఉన్నవాటిని చాలావరకు లెక్కలోకి తీసుకోలేదు. అవి ప్రొటీన్లు కాలేవని, వట్టి పొట్టు అని అనుకున్నారు. 2009లో కణంలోని రైబోజోములు ఏ క్షణాన ఏ సూచనను చదువుతున్నాయో పట్టుకునే కొత్త పద్ధతి వచ్చింది. దానితో చూస్తే పొట్టు అనుకున్న చోట్ల వేలాది చిన్న సూచనలను కణం చదువుతోందని తెలిసింది. అలా తయారయ్యేవాటిని మైక్రోప్రొటీన్లు అంటున్నారు.

2024లో అమెరికా, నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కలిసి మెడుల్లోబ్లాస్టోమా కణాల్లో ఈ చిన్న సూచనలను ఒక్కొక్కటిగా కత్తిరించి చూశారు. ఒక చిన్న ప్రొటీన్ లేకుండా చేస్తే ఆ క్యాన్సర్ కణాలు బతకలేకపోయాయి. దాని పేరు ఏఎస్‌డీయూఆర్‌ఎఫ్. ఇతర ప్రొటీన్లు సరిగా మడతపడటానికి, కూడుకోవడానికి తోడ్పడే ఒక గుంపులో అది సభ్యురాలు. ఒక పెద్ద ప్రొటీన్ సూచనకు ముందుభాగంలో, ఎవరూ పట్టించుకోని చోట దాని సూచన దాగి ఉంది. ఇంకా దీనికి మందు తయారు కాలేదు. ప్రయోగశాలలోని కణాల నుంచి పిల్లవాడి మంచం దాకా దారి చాలా పొడవు. కానీ ఆలోచన పాతదే. క్యాన్సర్ కణం దేని మీద ఆధారపడి బతుకుతోందో కనిపెట్టి, దాన్ని అందకుండా చేయడం. 1947లో ఆ ఆధారం ఒక విటమిన్. ఇప్పుడు లెక్కలోకి రాకుండా పోయిన ఒక చిన్న ప్రొటీన్.

మనం నేర్చుకోవలసింది

సుబ్బారావును కూడా ఒకప్పుడు హద్దు కింద ఉన్నాడని పక్కన పెట్టారు. మెట్రిక్ తప్పినవాడన్నారు. సగం పట్టా ఇచ్చారు. స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, ఉద్యోగం స్థిరపరచలేదు. ఆయన వాళ్లతో వాదిస్తూ కూర్చోలేదు. సోదరులు ఎందుకు చనిపోయారన్న ఒక్క ప్రశ్నను పట్టుకుని పాతికేళ్లు పనిచేశాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతికే దారిలోనే, ఎన్నడూ చూడని దేశాల పిల్లల ప్రాణాలు నిలబెట్టే మందు బయటపడింది. హాస్టల్లో ఉంటూ పదో తరగతి తప్పిన తమ్ముడు, ఇంటర్లో మార్కులు తక్కువ వచ్చాయని చదువు మానేద్దామనుకునే చెల్లెలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. పరీక్ష మళ్లీ రాయవచ్చు. మనల్ని కదిలించిన ప్రశ్నను మాత్రం వదిలేయకూడదు.

ఇంకో మాట. మన దేశంలో లుకేమియా వచ్చిన పిల్లలు సంపన్న దేశాల్లో బతికినంతమంది బతకడం లేదు. ఆలస్యంగా గుర్తించడం, ఖర్చుకు, ప్రయాణాలకు భయపడి చికిత్స మధ్యలో మానేయడం అందుకు ముఖ్య కారణాలు. వారాల తరబడి తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నల్లమచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, ఎముకల్లో నొప్పి – ఇవి తోటి విద్యార్థిలో కనిపిస్తే వార్డెన్ గారికి చెప్పండి, రక్తపరీక్ష చేయించండి. అన్నిసార్లూ క్యాన్సరే కానక్కర్లేదు. అయితే మాత్రం తొందరగా తెలియాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో క్యాన్సర్ చికిత్స ఉంది. హైదరాబాదులోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లలకు వైద్యం చేస్తారు. మొదలుపెట్టిన చికిత్సను చివరిదాకా కొనసాగించేలా ఆ ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడం మనలో చదువుకున్న ప్రతి ఒక్కరూ చేయగల పని.

ఈ సంచిక చదివేవాళ్లలో కొందరు రేపు నర్సులవుతారు, ల్యాబ్ టెక్నీషియన్లవుతారు, డాక్టర్లవుతారు. ఒకరిద్దరైనా పరిశోధనలోకి వెళ్లాలని కోరుకుందాం. ఎంవైసీ చెలరేగిన రకం మెడుల్లోబ్లాస్టోమా వచ్చిన పిల్లలకు సరైన మందు ఇంకా కనిపెట్టాల్సి ఉంది. అందాకా, వచ్చే వారం నీలిమాత్ర చేతికి ఇచ్చినప్పుడు అన్నం తిన్నాక, గ్లాసుడు నీళ్లతో మింగేయండి.